తెరకు చెప్పిన మెప్పు

నలుగురూ ఊరికే రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చే ఒక సాఫ్ట్‌వేర్‌కి ఆయన పెద్దదిక్కు. ఎవరెవరో పంపే కోడ్‌ని, కళ్లజోడు నుదుటికెత్తి, తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా చదువుతాడు. ఈమధ్యే చేరిన ఒక కొత్తమ్మాయి కోడ్ వస్తే, "అబ్బ, ఎంత చక్కగా రాశావు తల్లీ!" అని పైకే మురిసిపోయేవాడు. వేళ్లు మాత్రం ఆమెకు తప్పుల గురించే టైపు చేసేవి: "ఇది పనికిరాదు. మళ్లీ రాయి." బాగున్నదాని గురించి చెప్పేదేముందని ఆయన లెక్క.

ఇవాళ ఆ అమ్మాయి, "మీకు నా పని ఒక్కటీ నచ్చలేదు, సెలవు" అని రాసి వెళ్లిపోయింది.

ఆయన అది పైకి చదివితే, పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న భార్య నొచ్చుకుంది. "అదేంటండీ, రోజూ అంతలా మెచ్చుకునేవారుగా! నా చెవులతో విన్నాను."

ఆయన ఆ అమ్మాయికి రాసిన జవాబులన్నీ మొదటినుంచీ వెతికాడు. కళ్లజోడు తీసేశాడు.

"విన్నది నువ్వొక్కదానివే," అన్నాడు.