షారన్‌తో మాట్లాడిన గొంతు

మా చర్చిలో ఒట్టు వెయ్యకూడదంటారు. అందుకని వెయ్యను. కానీ ఇది జరిగింది. నాకే జరిగింది. జ్వరంలో ఏదో విన్నావని మా ఆయన ఇప్పటికీ అంటాడు... మీరూ అలాగే అనుకోండి, పర్వాలేదు. ముందు వినండి.

మాది నరసాపురం దగ్గర. ఢిల్లీ వచ్చి చాలా ఏళ్లయింది. సాకేత్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని. ఆదివారాలు మా తెలుగు చర్చిలో పిల్లల్ని చూసుకుంటాను. అందరూ ఇక్కడే పుట్టినవాళ్లు. తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తారు. అయినా ఒక్కొక్కళ్లూ బంగారాలు.

మొన్న చలికాలం సెలవుల్లో వాళ్లని రిట్రీట్‌కి, అంటే ప్రార్థనల శిబిరానికి, తీసుకెళ్లాం. గుర్గావ్ దాటి సోహ్నా వైపు, పొలాల మధ్య ఒక స్కూలు. పాటలు, బైబిలు వాక్యం, ఆటలు అన్నీ అయ్యాక చివరి రాత్రి ఆత్మపరిశీలన. అంటే ఒక్కొక్కరూ ఒక్కో క్లాసురూములో కొవ్వొత్తి పెట్టుకుని, కాసేపు మౌనంగా దేవుడితో గడపాలి. మగపిల్లలు పాస్టరుగారితో కింద. ఆడపిల్లలు నాతో పైన. ఫోన్లన్నీ నా సంచిలో. వరండా మొదట్లో, మెట్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నన్ను దాటకుండా ఎవరూ ఏ గదికీ వెళ్లలేరు.

ఇంకొకటి. అప్పటికి నా గొంతు పూర్తిగా పోయింది. పాడీ పాడీ, పైగా ఆ చలి, కాస్త జ్వరం... నోరు తెరిస్తే గాలే వస్తోంది. చేతులతో సైగలు చేస్తుంటే పిల్లలు ఒకటే నవ్వులు. అల్లంటీ చేయించుకొచ్చి ఇచ్చారు పాపం.

వాళ్లలో షారన్ అని ఒక అమ్మాయి. పన్నెండో తరగతి. వాళ్లమ్మ ఎస్తేరు నాతోపాటే నర్సు. భర్త పోయాక ఒంటిచేత్తో పిల్లని పెంచింది. ఇన్నాళ్లకి మళ్లీ పెళ్లి చేసుకుంటోంది. మంచి మనిషి. కానీ ఆ కబురు విన్న రోజునుంచి షారన్ తల్లితో మాట్లాడటం మానేసింది. ఒకే ఇంట్లో ఉంటూ... ఒక్క మాట లేదు. రిట్రీట్ అయ్యాక ఇంటికి రానని, లక్ష్మీ నగర్‌లో స్నేహితురాలుండే పీజీ హాస్టలుకి పోతానని బట్టలన్నీ సర్దుకునే వచ్చింది. బస్సు దగ్గర ఎస్తేరు నా చెయ్యి వదల్లేదు.

"అక్కా, నువ్వొకసారి మాట్లాడు. నీ మాట వింటుంది."

మాట్లాడదామనే అనుకున్నాను. ఇంతలో గొంతు పోయింది.

ఆ రాత్రి... పొగమంచు వరండాలోకి వచ్చేసింది. అటు చివర ఏమీ కనపడట్లేదు. ఎక్కడో కుళాయి కారుతోంది. టప్... టప్... అదొక్కటే చప్పుడు. టైమైంది, ఇక పిల్లల్ని బయటికి తీసుకొద్దామని లేచాను. చిట్టచివరి గది షారన్‌ది. అక్కడినుంచి మొదలుపెడదామని నడిచాను.

తలుపు దగ్గర ఆగిపోయాను.

లోపల ఎవరో మాట్లాడుతున్నారు. ఆడమనిషి. తెలుగులో... మెల్లగా, జోకొడుతున్నట్టు. మాటలు తెలియట్లేదు. మధ్యలో షారన్ వెక్కిళ్లు. మళ్లీ ఆ గొంతు.

ఎవరబ్బా, నేనుండగా లోపలికెలా వెళ్లారు అనుకున్నాను. ఆ అంతస్తులో పెద్దదాన్ని నేనొక్కదాన్నే. అది గుర్తొచ్చేసరికి... చెయ్యి తలుపు మీద అలాగే ఉండిపోయింది.

ఆ గొంతు నాకు తెలుసు.

రోజూ పొద్దున్నే చర్చి గ్రూపులో ప్రార్థన రికార్డు చేసి పెడతాను. మన గొంతు మనమే ఫోన్లో వింటే ఎలా ఉంటుంది... మనదే, కానీ పరాయిగా... అలా ఉంది. మాట చివర "కదమ్మా" అని సాగదీస్తాను చూడండి... అది వినపడింది. అచ్చం నాలాగే. బొంగురు లేదు. హాయిగా ఉంది.

కంఠం మీద వేళ్లు పెట్టి చూసుకున్నాను. కదలట్లేదు. లోపల మాట మాత్రం సాగుతోంది.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత ఆ మాట ఆగింది. టప్... టప్... మళ్లీ కుళాయి ఒక్కటే.

తలుపు తోశాను.

షారన్ ఒక్కతే ఉంది. ముందు కొవ్వొత్తి. ఎదురు బెంచీ ఖాళీ. కిటికీలకి ఊచలు. నన్ను చూసి ఆ పిల్ల ఉలిక్కిపడలేదు. లేచొచ్చి గట్టిగా పట్టుకుంది. ఒళ్లంతా వెచ్చగా ఉంది.

"ఫోన్ దే దో ఆంటీ. మమ్మీతో మాట్లాడాలి. ఆప్ నే బోలా నా."

మాట్లాడమని నేనే చెప్పానట. సంచిలోంచి తీసిచ్చాను. ఎస్తేరు నైట్ డ్యూటీలో ఉంది, వెంటనే ఎత్తింది. ఈ పిల్ల "మమ్మీ" అంది. అంతే... రెండువైపులా ఏడుపు. నాకూ ఆగలేదు. కానీ ఆ బెంచీ వైపు మాత్రం చూడలేకపోయాను.

కాస్త గొంతు వచ్చాక షారన్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను, ఆ మాట్లాడింది నేను కాదమ్మా అని. నవ్వేసింది. మజాక్ చేస్తున్నారంది. పాస్టరుగారేమో దేవదూత అయ్యుంటుందన్నారు. దేవదూతకి నరసాపురం యాస ఎందుకండీ? మా ఆయన, జ్వరం కాదంటే ఆ పిల్లే తనలో తను మాట్లాడుకుని ఉంటుందంటాడు. అయ్యుండొచ్చు... కానీ షారన్‌కి అంత తెలుగు రాదు.

ఎస్తేరు పెళ్లిలో షారన్ తల్లి పక్కనే నిలబడింది. ఇప్పుడు ముగ్గురూ కలిసే ఉంటున్నారు. కొత్త నాన్నతో తెలుగు కూడబలుక్కుంటూ మాట్లాడుతోంది కూడా. మనసు బాగోనప్పుడల్లా నాకు ఫోన్ చేస్తుంది. ఆ రాత్రి చెప్పింది మళ్లీ ఒకసారి చెప్పమంటుంది. అప్పుడేం విన్నావే అంటే, అది తెలుగులో కదా, తనకి తిరిగి చెప్పడం రాదంటుంది. తలుపవతల నిలబడ్డ నాకు ఆ కదమ్మా తప్ప మాటలేవీ తెలియలేదు.

అందుకని నాకు తోచింది ఏదో చెప్తాను. చివరిదాకా వింటుంది.

"అది కాదు ఆంటీ," అంటుంది. "కానీ ఇది కూడా బాగుంది."