ప్రయాణాలంటే ప్రాణం

ఆ రోజుల్లో మా రాయగడకి పెళ్లి సంబంధాలు కాళ్ల మీద నడిచి వచ్చేవి. గొడుగు చంకన పెట్టుకుని ఎవరో ఒక పెద్దమనిషి మా దుకాణం మెట్లెక్కేవాడు, నాన్న ఆయన్ని బెల్లం బస్తా మీద కూర్చోబెట్టేవాడు, టీ వచ్చేలోపు పిల్లాడి గోత్రమూ, టీ తాగేలోపు పిల్లాడి జీతమూ తెలిసిపోయేవి. పిల్లకేమిష్టమని అడిగే ఆచారం ఆ గొడుగుకీ లేదు, ఆ బస్తాకీ లేదు. అలాంటిది, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక కంప్యూటరు నన్ను పట్టుకుని "నీకు ఎక్కడెక్కడ తిరగాలని ఉంది?" అని అడిగింది. ముందు నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే కడుపులో తిప్పింది. ఎందుకు తిప్పిందో చెబితే గానీ ఈ కథ ముందుకు నడవదు.

మా ఘాట్ రోడ్లు మీకు తెలియకపోతే మీరు అదృష్టవంతులు. బస్సు ఒక మలుపు తిరిగితే నా కడుపు రెండు మలుపులు తిరిగేది. కండక్టర్లు నా పేరు అడగడం ఎప్పుడో మానేశారు. నేను ఎక్కగానే "కిటికీ అమ్మి వచ్చేసింది, జాగా ఇవ్వండి బాబూ" అని కిటికీ పక్కన కూర్చున్నవాళ్లని లేపేసేవారు. (లేవబోమని మొండికేసినవాళ్లు కాసేపటికి వాళ్లంతట వాళ్లే లేచేవారు.) బొయిపరిగుడలో మా పిన్ని ఇంటికి ఒకసారి వెళ్లాను. ఆ రోజు బస్సులో నాతో వచ్చినవాళ్లు ఇప్పటికీ సంతలో నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటారు. డీజిలు వాసన చాలు నాకు. ఆ మాటకొస్తే టికెట్టు చింపిన చప్పుడు చాలు. (నేను చెబుతుంటే మా అమ్మాయి ఇది రాస్తూ ముక్కు మూసుకుంటోంది. నువ్వూ ఈ కడుపునే పుట్టావు, రాయవే.)

దీని మూలంగా సంబంధాలు పోయాయి. పార్వతీపురం వాళ్లకి చూపించడానికి నన్ను బస్సులో తీసుకెళ్తే, దిగేసరికి నా ముఖం వడిలిన తోటకూరలా ఉంది. పెళ్లికొడుకు తల్లి మా అమ్మని పక్కకి పిలిచి "గుంటకి పచ్చకామెర్లేటండీ?" అంది. ఆ పైన వచ్చిన సాలూరు సంబంధం వాళ్ల గుమ్మం దాకా వెళ్లింది గానీ లోపలికి వెళ్లలేదు. వాళ్ల గుమ్మానికి పసుపు రాసి ముగ్గేసి ఉంది. నేను ఏం చేశానో చెప్పను. నాన్నకి విసుగెత్తిపోయింది. గునుపురంలో పొలాలున్న ఒక పెద్దమనిషి, భార్య పోయినవాడు, తనే రాయగడ వచ్చి తాళి కట్టి తీసుకుపోతానని కబురు పెట్టాడట. "ఇంక పిల్లని ఎక్కడికీ తిప్పక్కర్లేదు, ఇంతకన్నా ఏటి గావాల?" అన్నాడు నాన్న. ఆ పెద్దమనిషికి నా ఈడు కూతురుంది. నేను పెళ్లికూతురినో, ఆ పిల్లకి స్నేహితురాలినో తేల్చుకోలేక ఏడ్చాను. మా అన్న భార్య, మా వదిన ఒక్కతే అడ్డుపడింది. విజయనగరంలో డిగ్రీ చదివి వచ్చిన మనిషి. "మావయ్యా, కంప్యూటర్లో సంబంధాలు దొరుకుతాయట, ఒక్కపాలి పెట్టి సూద్దాం" అంది. నాన్న "ఒక్కపాలే. అదీ పోతే గునుపురమే" అన్నాడు.

అలా వదిన నన్ను రైల్వే స్టేషను దారిలో ఉన్న నెట్టు దుకాణానికి లాక్కెళ్లింది. దుకాణం ఆయన ఒడియావాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. ఎత్తు, రంగు, నక్షత్రం అన్నీ టకటకా కొట్టేశాడు. తర్వాత ఈ ప్రయాణాల ప్రశ్న దగ్గర వేళ్లు ఆపి మా ఇద్దరి వైపూ చూశాడు.

"ఏటి కొట్టమంటారు? ఖాళీ వదిలేస్తే ఎవరూ జవాబివ్వరమ్మా."

"సెప్పు అమ్మి," అంది వదిన, "నీకు ఎక్కడికెళ్లాలనుంది?"

"ఘాట్ లేని ఊరికి."

"అలగ రాస్తే పెళ్లికొడుకు రాడు, డాక్టరొస్తాడు."

"పోనీ, ఇంట్లోనే ఉండాలనుందని రాయించీ."

"అది ప్రయాణం కాదే, పక్షవాతం."

ఇక నన్ను అడగడం మానేసి వదిన కళ్లు మూసుకుంది. గుళ్లో దండకం చదివినట్టు అందుకుంది. ప్రయాణాలంటే నాకు ప్రాణమట. కొండలు దాటాలట, జలపాతాల కింద నిలబడాలట, ప్రతి మలుపులోనూ ఒక కొత్త అందం చూడాలట. "ప్రతి మలుపులోనా?" అన్నాను నేను, కుర్చీ అంచు పట్టుకుని. దుకాణం ఆయన ఎందుకైనా మంచిదని కంప్యూటరుని అటు జరిపాడు. "ఉత్త రాతకే ఇలగైపోతే ఎలగే?" అని వదిన నా వీపు తట్టింది. నాకు సంతకం వరకే చదువు. తెర మీద ఆ అక్షరాలు చీమల బారులా కనిపించాయి. అవి నా గురించే అంటే నాకే నమ్మకం కుదరలేదు.

కానీ నమ్మినవాళ్లు ఉన్నారు. దామంజోడి ప్లాంటులో ఫిట్టరుగా పనిచేస్తున్న ఒకతని నుంచి జవాబు వచ్చింది. అతనికీ ప్రయాణాలంటే ప్రాణమట. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా మోటారు సైకిలు మీద వెళ్లడం అతని కలట. ఆ వెనకే అతని బావ ఫోను చేశాడు. ఇద్దరికీ ఒకటే సరదా ఉన్నప్పుడు నాలుగు గోడల మధ్య మిఠాయి తింటూ చూసుకోవడమేమిటి, మాకు తెలిసిన జీపుంది, కొరాపుట్ నుంచి మాచ్‌ఖండ్ జలపాతానికి అందరం వెళ్దాం అన్నాడు. వదిన రిసీవరు చేత్తో మూసి నా వైపు చూసింది. నేను అప్పుడే నిమ్మకాయ కోసం చూస్తున్నాను. "పెళ్లిచూపులా, పిక్నిక్కా?" అన్నాడు నాన్న. అయినా మాట ఇచ్చేశారు.

కొరాపుట్ దాకా రైలు. రైల్లో నాకు ఏమీ కాదు. రైలు కొండని తొలుచుకుని మర్యాదగా తిన్నగా పోతుంది, బస్సులా కొండకి ప్రదక్షిణాలు చేయదు. స్టేషన్లో దిగాక వదిన నన్ను యుద్ధానికి తయారు చేసినట్టు చేసింది. పొద్దుటి నుంచి నాకు తిండి లేదు. చీర కింద, పొట్ట మీద ఒక మడత పెట్టిన న్యూస్‌పేపరు. (కాగితం పొట్టకి ఆనితే తిప్పదని మా వైపు నమ్మకం.) దవడన ఉప్పద్దిన చింతపండు. గుప్పిట్లో నిమ్మకాయ. "నోరు తెరవకు," అంది, "అడిగినవాటికి నాను సెప్తాను."

జీపులో నాన్న ముందు కూర్చున్నాడు, డ్రైవరు పక్కన. వెనక ఎదురెదురు బల్లల మీద ఇటు నేనూ వదినా, అటు పెళ్లికొడుకూ, అతని అక్కా, బావా. మనిషి నల్లగా, పొడుగ్గా, నూనె రాసి దువ్విన తలతో బాగానే ఉన్నాడు. ఒకే ఒక్కసారి చూశాను. తర్వాత కొండలు మొదలయ్యాయి.

"ఏటమ్మి, నీకు ఏ ఊరు సూడాలనుంది?" అంది వాళ్ల అక్క.

చింతపండు రసం మింగుతూ "ఊఁ" అన్నాను.

"దానికి సిగ్గండి. కొండలు సూస్తే మాటలు రావు," అంది వదిన.

"మా బావమరిదీ అంతేనండి," అన్నాడు వాళ్ల బావ. "సూడండి, జీపెక్కిన కాడి నుంచి నోరిప్పితే ఒట్టు."

"నెమ్మదైన పిల్ల," అని వాళ్ల అక్క మెచ్చుకుంది. నన్ను ఎవరైనా అంత మాట అనడం అదే మొదలు, అదే ఆఖరు.

మలుపు మీద మలుపు వస్తోంది. ఏ దేవత దయో, నాకు ఏమీ కాలేదు. కడుపు కట్టేసిన గేదెలా పడుకుంది. గర్వం వచ్చేసింది నాకు. ఇంకాసేపు ఇలాగే కూర్చుంటే గునుపురం తప్పిపోతుందని మనసులో మొక్కుకుంటూ తలెత్తి ఎదురుగా చూశాను. చూస్తే, పెళ్లికొడుకు ముఖం తోటకూర రంగులోకి తిరుగుతోంది.

మిగతావాళ్లకి తెలియదు గానీ ఆ చిహ్నాలు నాకు తెలియనివా? పై పెదవి మీద చెమట. ఊరికే గుటకలు. చూపు ఎక్కడో దూరంగా ఉన్న కొండ కొమ్ము మీద, కదిలితే లోకం మునిగిపోతుందన్నట్టు. ఒక చెయ్యి బల్ల అంచుని వదలడం లేదు. ఇంకో రెండు మలుపులు, అంతే. ఇంతమంది ముందు, పెళ్లికూతురి ఒళ్లో అది గానీ జరిగితే, ఏ మగాడు ఇంక ఆ పిల్ల ముఖం చూస్తాడు? సంబంధం అక్కడే పోతుంది. పోనీ నేనే ఆపించానా, నా బండారం బయటపడి అలాగైనా పోతుంది. ఎటు చూసినా గునుపురం పెద్దమనిషి తలపాగా సర్దుకుంటూ కనిపించాడు నాకు. అయినా ఆ మనిషి కళ్లల్లో నీళ్లు చూశాక ఆగలేకపోయాను. చింతపండు బయటికి ఉమ్మేసి, నా సొంత గొంతుతో అరిచాను.

"జీపు ఆపండి! నాకు డోకొస్తాంది!"

వదిన నెత్తి కొట్టుకుంది. జీపు ఆగీ ఆగకముందే దూకాను. దూకిన ఊపుకి చీర కింద నుంచి న్యూస్‌పేపరు జారి రోడ్డు మీద పరుచుకుంది. పెళ్లివారంతా దాన్నే చూస్తున్నారు. నా వెనకే పెళ్లికొడుకు "పాపం, ఆవిడికి నీళ్లిస్తాను" అంటూ సీసా పట్టుకుని దూకాడు. నన్ను దాటిపోయి, సీసా నా చేతిలోనే పడేసి, పెద్ద రాయి వెనక్కి పరుగెత్తాడు. నేను నిజానికి నాటకమే ఆడాను. కానీ డోకు ఆవులింత లాంటిది, పక్కమనిషిది వింటే మనదీ ఆగదు. రాయికి అటు ఆయన, ఇటు నేను.

కాసేపటికి రాయి మీదుగా ఒక ముఖం కనిపించింది.

"మీకు నిజంగానే వచ్చిందేటండీ?"

"ముందు రాలేదు. మిమ్మల్ని సూసేక వచ్చింది."

ఆయన మూతి తుడుచుకున్నాడు. "పెళ్లిచూపుల్లో మొగాణ్ని ఇంత మాట అన్నవోళ్లు లేరండి" అన్నాడు. నేను నిమ్మకాయని గోళ్లతో చీల్చి సగం అటు అందించాను.

జీపు దగ్గరికి వచ్చేసరికి వాళ్ల అక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "ఏటమ్మి, ప్రయాణాలంటే పేనమని రాసేరు?"

"పేనమేనండి," అన్నాను, దాచడానికి ఇంక ఏముందని. "అందుకే బండెక్కితే పేనం పోతాది."

ముందు ఆయన నవ్వాడు, తర్వాత వాళ్ల బావ, ఆఖరుకి ముందు సీట్లో నాన్న భుజాలు కదలడం చూశాను. అప్పుడు ఆయన, అక్కని ఓరగా చూస్తూ, "అప్పా, ఆవిణ్ని మళ్లీ బండెక్కించడం ఎందుకు, కొంచెం దూరం నడిపించుకుని తెస్తాను" అన్నాడు. అక్క ఆయన ముఖమూ చూసింది, చేతిలో నిమ్మచెక్కా చూసింది. తమ్ముడి సంగతి ఆవిడకి తెలియనిదా? జీపెక్కి కూర్చుంది.

మేం ముందు నడుస్తుంటే జీపు మా వెనక, పెళ్లి ఊరేగింపులా, నెమ్మదిగా కదిలింది. "కాశ్మీరు నుంచి కన్యాకుమారి అన్నారు?" అని అడిగాను. "మా బావ రాసేడండి. నాను కేలండర్లో సూసేను." "మరి మోటారు సైకిలు?" "అదీ బావదే. ఈ జీపు సరదా కూడా బావదే." నాది వదిన రాసిందనీ, నాకు సంతకమే వచ్చనీ చెప్పాను. "నాకు చదువు వచ్చు గానీ, అదేమీ కడుపుని ఆపదండి," అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను ఆయన వైపు మళ్లీ చూశాను. ఈసారి కొంచెం ఎక్కువసేపే చూశాను.

జలపాతం చూడలేదు. దారిలో ఒక పాకలో టీ తాగి అక్కడి నుంచే వెనక్కి తిరిగాం. ముందు సీట్లో కూర్చుంటే తిప్పదని డ్రైవరు చెప్పగానే, నాన్న దిగి మా ఇద్దర్నీ తన చోట కూర్చోబెట్టాడు. పెళ్లికాని పిల్లని అలా పక్కన కూర్చోబెట్టడమేమిటని వదిన గొణిగింది. "పరువు తరవాత సూసుకుందాం," అన్నాడు నాన్న, "ముందు నా పంచె దక్కనీ." గునుపురం పెద్దమనిషికి మర్నాడే కబురు వెళ్లింది.

దామంజోడి క్వార్టర్లో కాపురం ఉన్నన్నాళ్లూ ఊళ్లన్నీ ఇంటి మెట్ల మీద కూర్చునే తిరిగాం. ఆయన డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ "రేపు ఎక్కడికెళ్దామే?" అనేవాడు. నేను కాశ్మీరు అనేదాన్ని. "సలి, వద్దు." కన్యాకుమారి అనేదాన్ని. "అక్కడ భూమి అయిపోతాదే, తరవాత ఎక్కడికెళ్తాం?" నిజంగా వెళ్లిందల్లా రైల్లో కొరాపుట్ నుంచి రాయగడకి, మా పుట్టింటికే. ఆ దారిలో సొరంగాలు చాలా ఉన్నాయి. సొరంగం వచ్చి పెట్టె చీకటైనప్పుడల్లా ఆయన... (ఇది రాయకే. రాసేశావా? సరే, "చెయ్యి పట్టుకునేవాడు" అని రాసి ఊరుకో.) మాచ్‌ఖండ్ జలపాతానికి ఏటేటా వెళ్దామనేవాడు. "నిమ్మకాయలు చవకయ్యాక" అనేదాన్ని నేను. అవి చవకయ్యేలోపే ఆయన ఒక్కడూ బయల్దేరి వెళ్లిపోయాడు. ఏ మలుపులూ లేని దారి అయ్యుంటుందిలే, పాపం.

ఇంతకీ ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా అమ్మాయి ఫోన్లో సంబంధాల పేజీ తెరిచి, "అమ్మా, ఎక్కడెక్కడ తిరగాలనుందని అడుగుతాంది, ఏటి రాయను?" అంది. ఇద్దరి కడుపుల తిప్పుడూ దానికి వచ్చింది. ఆటో మలుపు తిరిగినా తల బయట పెడుతుంది. ఏం రాశావో చదవమన్నాను. కొండలట, జలపాతాలట, లాంగ్ డ్రైవులట. నాకు ఒకటే నవ్వు. కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్న ఆ కిటికీ అమ్మి కళ్ల ముందు నిలిచింది. ఎంత భయపడిందో పాపం, నోట్లో చింతపండు పెట్టుకుని. భయపడకే, నిన్ను గట్టెక్కించేది ఆ డోకేనే అని చెబుదామంటే, వినిపించేంత దగ్గరలో లేదు.

"అలాగే ఉంచు, మార్చకు," అన్నాను అమ్మాయితో. తర్వాత అది నన్ను అడిగింది, "మరి నీకెక్కడికెళ్లాలనుందమ్మా? కారు మాట్లాడతాను, ఆ జలపాతం సూసొద్దాం." జలపాతం దాకా వద్దు, ఆ పెద్ద రాయున్న మలుపు దాకా చాలన్నాను. వెళ్లేటప్పుడు ఒక నిమ్మకాయ మటుకు తెమ్మన్నాను. ఒకటే చాలు. సగం సగం చేసుకోవడం నాకు అలవాటే.