అవ్వ వదిలిన నెయ్యి

నాకు రక్త క్యాన్సర్ అని తేలిన ఏడాది నేను తిన్నంత తిండి మా ఇంట్లో ఇంకెవరూ తినలేదు. ఆస్పత్రి వాళ్లిచ్చిన తెల్ల మాత్రలు మింగితే చాలు, ఒకటే ఆకలి. పళ్లెం నిండా ఉగ్గాని తినేసి, చెయ్యి కడగకముందే సంగటి ఎక్కడని అడిగేదాన్ని. మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. "బకాసురుని చెల్లెలా, మన పాడి ఎనుమును కూడా మింగుతావేమే!" అని అవ్వ నవ్వేది. అవ్వంటే మా నాయన తల్లి. అమ్మ చేనికి పోతే నన్ను చూసుకునేది ఆమే.

ఎనభైల మొదటి మాట ఇది. నందవరం పక్కన మా పల్లె. సూదులు వేయించడానికి నాయన, అవ్వ నన్ను బస్సులో ఎమ్మిగనూరు మీదుగా ఆదోనికి, అక్కణ్నుంచి రైల్లో బెంగళూరుకు తీసుకుపోయేవాళ్లు. జబ్బు తగ్గితే నా కాళ్లతో నేనే మంత్రాలయం స్వామి చుట్టూ తిరిగేటట్టు చేస్తానని అవ్వ మొక్కుకుంది.

ఆ ఎండాకాలం నా కుడికాలు కుంటడం మొదలైంది. అవ్వ గుండెలో రాయి పడింది. కాలు లేకుంటే మొక్కెట్లా తీరేది? మా పక్క ఎముక విరిగినా, నడుం పట్టేసినా, బాలింతకైనా ఒకటే మందు, నెయ్యి. అన్నంలో నెయ్యి, సంగటిలో నెయ్యి. నాకేం, పండగే!

మళ్లీ బెంగళూరు పోయినప్పుడు నా రక్తం తీసి గాజు గొట్టంలో ఉంచారు. కాసేపటికి పైన తెల్లగా మీగడ కట్టింది. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "పాపకు ఏం పెడుతున్నారు?" అంది.

"నెయ్యి తల్లీ! ఎముకలకు బలమని," అంది అవ్వ, ఎంత గొప్పగా చెప్పిందో!

డాక్టరమ్మ కోప్పడలేదు. ఈ మందులకే రక్తంలో కొవ్వు పెరుగుతుందని, దానిమీద నెయ్యి పడితే ప్రాణానికే ముప్పని, కొవ్వు దిగేదాకా సూదులు ఆపాలని చెప్పింది. కాలి సంగతీ చెప్పింది. మాత్రల వల్ల తుంటి ఎముకకు రక్తం అందడం లేదట. బరువు మోపితే ఎముక కుంగిపోతుంది, ఇక నడక ఉండదు.

"నా చేత్తో నేనే పెట్టినానే," అని అవ్వ వరండాలో కూలబడి ఏడ్చింది. మా అవ్వను ఏడిపించడానికి ఈమెవరని డాక్టరమ్మ మీద నాకు ఒళ్లు మండిపోయింది.

తిరిగొస్తూ ఆదోనిలో దిగకుండా ఇంకా ముందుకు, మంత్రాలయం దాకా పోయాం. అవ్వ నన్ను చంకనేసుకుని తుంగభద్రలో మోకాటి లోతు దిగింది. "సామీ, బిడ్డను ఇప్పుడు నడిపించలేను. ఆ కాలు నిలబెట్టు. నేను నెయ్యి నీకు వదిలేస్తాండా."

తినేవాటిలో ఏదో ఒకటి స్వామికి వదలడం మా పక్క అలవాటే. అందరూ తెలివిగా ఇష్టం లేనిదే వదులుతారు. మా చిన్నాయన కాకరకాయ వదిలాడు, మహానుభావుడు! అవ్వకు మాత్రం నెయ్యి చుక్క లేనిదే ముద్ద దిగేది కాదు.

కొవ్వు దిగింది, సూదులు మళ్లీ మొదలయ్యాయి. చాలాకాలం అవ్వ చంకే నా కాలు. తర్వాత కట్టె ఊతం. వైద్యం ముగిసేసరికి కాలు కాస్త పొట్టిదైంది గానీ నిలబడింది. కుంటుకుంటూనే స్వామి చుట్టూ తిరిగాను. అవ్వ నన్ను పట్టుకోకుండా, రెండు చేతులూ చాపి వెనకే నడిచింది.

ఇక నెయ్యి తినొచ్చని డాక్టరమ్మ అప్పటికే చెప్పింది. ఇంటికొచ్చాక అవ్వ వేడన్నంలో నెయ్యి కలిపి నాకు తినిపించింది. నేనూ ఒక ముద్ద తీసి ఆమె నోటి దగ్గర పెట్టాను. "మొక్కు తీరింది కదవ్వా, నువ్వూ తిను."

మొహం పక్కకు తిప్పుకుంది. "సామి కాలిచ్చినాడు. ఇప్పుడు నెయ్యి వాపసు అడిగితే, ఆయప్ప కాలు వాపసు అడగడా?"

లేచిపోయి, నాకు తినిపించిన చేతిని బూడిదతో రుద్ది రుద్ది కడుక్కుంది. తర్వాత వట్టి సంగటి ముద్ద పెట్టుకుని నా పక్కన కూర్చుంది. పోయేదాకా అట్లాగే తినింది.