యుద్ధం రెండో భాగంలో జీపు డ్రైవరు

ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపి ఒక్క కోడిపిల్లను కూడా తొక్కని తాతయ్య, అరవై ఆరో ఏట యుద్ధంలో చేరాడు. చేర్చినవాడు కండక్టరు. ఇద్దరూ పదిహేడేళ్లు ఒకే బస్సులో తిరిగినవాళ్లు. వరస ఏమీ లేకపోయినా "బావా" అంటే "బావా" అనుకుంటారు. రిటైరయ్యాక కండక్టరు వేరే ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఊపిరితిత్తులు చెడి, ముక్కుకు గొట్టంతో మంచానికే పరిమితమయ్యాడు. చేతులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. ఆ చేతులతో ఏం చేయాలో తోచక వీడియో గేమ్ పట్టాడు. పట్టి, తాతయ్యకు అంటించాడు.

గేమ్ అంటే టీవీలో యుద్ధం. నలుగురు ఒక జట్టు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని, మాట్లాడుకుంటూ శత్రువులను కాల్చాలి. తాతయ్యకు తుపాకీ అబ్బలేదు. గురి చూసేలోపు పోయేవాడు. అయితే అందులో ఒక జీపు ఉంది. దాన్ని చూడగానే మనిషికి ప్రాణం లేచొచ్చింది. కంటిజబ్బుతో లైసెన్సు పోయి అప్పటికి ఆరేళ్లు. రోడ్డు మీద పోయిన స్టీరింగు యుద్ధంలో దొరికింది.

మొదట్లో తిట్లు తిన్నాడు. దారి పక్కన ఎవడో చెయ్యెత్తాడని జీపు ఆపాడు.

"ఎందుకాపావు బావా!"

"చెయ్యెత్తాడుగా."

"బాంబు విసరడానికి ఎత్తాడయ్యా!"

నలుగురూ గాల్లోకి లేచిపోయారు. జట్టులో మిగతా ఇద్దరు, ముక్కూ మొహం తెలియని కుర్రాళ్లు, పొట్ట పట్టుకుని నవ్వారు. మలుపు దగ్గర హారన్ కొట్టి శత్రువుకు ముందే కబురు పెట్టడం కూడా తాతయ్య మానలేదు. అయినా రెండేళ్లలో అందులోని దారులన్నీ కంఠతా వచ్చేశాయి. వంతెన దాటాక గుంత ఎక్కడుందో వేళ్లకే తెలుసు. అందుకే చూపు ఏటేటా అంచుల నుంచి మూసుకొస్తున్నా జీపు తప్పేది కాదు. కంటి డాక్టరు చెప్పింది అమ్మమ్మకే సగం చెప్పిన మనిషి, కండక్టరుకు చెబుతాడా?

అంతలో రెండో భాగం వస్తోందన్నారు. అల్లుడు ఫోన్లో ప్రకటన చూపించాడు. వానలో తడిసిన నగరం, బురదలో దిగబడే బూట్లు, నిట్టనిలువుగా లేచి రెండుగా విరిగే ఓడ. గడ్డి పోచకు పోచ ఊగుతోంది. తాతయ్య ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని పదకొండు సార్లు చూశాడు. కొత్త జీపు అద్దం మీద వైపర్లు తిరిగినప్పుడల్లా "అబ్బ!" అన్నాడు.

"నన్ను చూసి ఒక్కనాడైనా అలా అన్నారా?" అంది అమ్మమ్మ.

"నీకు వైపర్లు లేవుగా."

కండక్టరుదీ అదే పిచ్చి. "దీనికోసమే ఊపిరి పట్టుకుని ఉన్నాను బావా. పట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదనుకో."

"పాతదే ఆడుకుందాంలే," అన్నాడు తాతయ్య ఒకసారి, నసుగుతూ.

"పాతదాంట్లో ఎవరుంటారు? అందరూ దిగిపోయాక ఖాళీ బస్సు తిప్పుతామా?"



ఆట విడుదలైన రోజు మధ్యాహ్నం వెనక గదిలో కిటికీకి దుప్పటి కట్టాడు. కుట్టుమిషను పక్కకు జరిపి టీవీకి జానెడు దూరంలో కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ తగిలించుకుంటే చెవులు నొప్పెడతాయని మాటలన్నీ టీవీలోంచే వినబడేలా పెట్టుకున్నాడు.

"ఆ మబ్బులు చూశావా బావా! నిజం మబ్బులే!" అని కండక్టరు చిన్నపిల్లాడిలా కేరింతలు.

తాతయ్యకు కనబడింది పొగ. పొగలో మెరుపు, మెరుపు చుట్టూ రంగుల వలయం, అది చల్లారేలోపు ఇంకొకటి. జీపును గోడకు కొట్టాడు. వెనక్కి తీసి కాలువలో పడేశాడు. మళ్లీ మొదలుపెట్టి, వంతెన అనుకుని నేరుగా నదిలోకి దింపాడు. మూడోసారి బండిని కదపనే లేదు.

"ఏమైంది బావా?"

"కొత్త బండి కదా. చేతికి రావాలి."

"పదిహేడేళ్లు నీ వెనక నిలబడ్డవాణ్ణి. నాకు చెబుతావా? కళ్లు ఎంత పోయాయి?"

తాతయ్య టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"నిన్నే."

"ఎదురుగా ఉన్నది ఉంది. పక్కలు లేవు."

అవతల గొట్టంలో గాలి గురగురలాడింది. ఇంతలో ఒక కుర్రాడు కలగజేసుకున్నాడు. "పెద్దాయనా, మీరు దిగండి. నేను నడుపుతాను." మర్యాదగానే అన్నాడు. అందుకే ఎదురు చెప్పడానికి లేకపోయింది.

తాతయ్య దిగాడు. వెనక సీటు ఎక్కాలి. తలుపు ఎటుందో తెలియలేదు. తిరిగితే గోడ. మళ్లీ తిరిగితే పొగ.

"కుడి పక్క బావా. కుడి... ఇంకొంచెం..." అంటుండగానే కండక్టరుకు దగ్గు ముంచుకొచ్చింది. జీపు కదిలింది.

"ఆపమను బావా!"

"వాడు... ఆపడు. ఇది మన... బస్సు కాదు."

ఇంజను చప్పుడు దూరమైంది. దగ్గు మాత్రం ఆగలేదు. ఒకదాని మీద ఒకటి, తెరిపి లేకుండా వస్తోంది. అమ్మమ్మ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరండీ అది? కాసిన్ని నీళ్లివ్వమని చెప్పండి ఎవరికైనా!"

"బావే. ఈ వేళప్పుడు వాళ్లింట్లో ఎవరూ ఉండరే. అందరూ పనికి పోతారు."

తాతయ్య ఇంకేం చేయగలడు? దగ్గు వినబడుతున్న వైపు ఆటలోని తన సిపాయిని నడిపించాడు. అది అన్ని వైపుల నుంచీ ఒకేలా వినబడుతోంది.