పడవకూ వలకూ చెరొక వాటా

కోట ఊరి బజారులో రొయ్యల మేత అమ్మే దుకాణంలో వనజాక్షి బిల్లులు కొడుతుంది. కంప్యూటర్‌లో మేత రకం, బస్తాల సంఖ్య నొక్కితే చాలు, మిగతా లెక్కంతా అదే చేసుకుంటుంది. తతిమ్మా వాళ్లకు అది మామూలు సంగతి. ఆమెకు మాత్రం పనిలో చేరిన నాటి నుంచీ ఒకటే ఆరా. ఈ కూడికలూ హెచ్చవేతలూ దీనికి ఎవరు నేర్పారు? ఏమని చెప్పి నేర్పారు? ఓనరు నరేంద్రబాబును అడిగితే, "నీకెందుకమ్మే, అది చేస్తా ఉంది గదా!" అన్నాడు.

ఆ ఆరా ఊరుకోనివ్వక, ముప్పై దాటిన వయసులో, ప్రోగ్రామింగ్ ఉచితంగా నేర్పే ఆన్‌లైన్ తరగతిలో చేరింది. పాఠాలు తెలుగులోనే. షరతు ఒక్కటే. మొదటి అభ్యాసాన్ని ఆదివారం సాయంత్రం ఐదింటికల్లా తప్పు లేకుండా చేసి పంపాలి. పంపలేని వాళ్ల పేరు తీసేసి, ఆ చోటు బయట కాచుకున్న వాళ్లకిచ్చేస్తారు.

ఆ ఆదివారం మూడు దాటేసరికి వనజాక్షికి ఏడుపొక్కటే తక్కువ. పులికాట్ ఒడ్డునున్న వాళ్ల పల్లెలో, ఇంటి వసారాలో, దుకాణంలో మూలపడి ఉంటే అడిగి తెచ్చుకున్న పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. ఎదురుగా నాన్న మస్తానయ్య చిరిగిన వల ముందేసుకుని మాసికలు వేస్తున్నాడు. అమ్మ పిచ్చమ్మ ఎండుచేపల్లో ఇసుక దులుపుతోంది.

ప్రశ్న చాలా సులువుగా కనిపించింది. కొందరు మిత్రులు కలిసి చేపలు పట్టారు. చేపలెన్నో, మనుషులెందరో చెబితే, సమానంగా పంచి ఒక్కో వాటా ఎంతో చూపించాలి. వనజాక్షి రాసింది. డెబ్బై చేపలు, ఐదుగురు మనుషులు అని ఇచ్చి చూసుకుంది. పది అని ఠక్కున చూపించింది. సరైన లెక్కే కదా అని మురిసిపోయి పంపింది. ఎర్రగా "తప్పు" అని వచ్చింది. కామాలు చూసుకుంది, బ్రాకెట్లు చూసుకుంది, మొత్తం చెరిపి మళ్లీ రాసింది. మళ్లీ ఎరుపే.

ఇక సిగ్గు విడిచి, విద్యార్థులకు సాయం చేసే గ్రూపులో అడిగింది. హెబ్రోను అనే అబ్బాయి పలికాడు. తనది ఉదయగిరి దగ్గర మెట్ట ఊరనీ, చెన్నైలో ఉద్యోగమనీ చెప్పుకున్నాడు. "జవాబు మాత్రం నేను చెప్పనక్కా. మీరు రాసింది పెట్టండి, చూస్తా" అన్నాడు. పెట్టింది.

"అక్కా, రాసిన తీరులో తప్పేం లేదు. ఒక్కటి చెప్పండి. మనుషుల సంఖ్యకి రెండు ఎందుకు కలిపినారు?"

ఇదేం ప్రశ్న? కూరలో ఉప్పెందుకు వేశావని ఎవరైనా అడుగుతారా?

"పడవకొకటి, వలకొకటి" అని రాసింది.

అవతలి నుంచి వచ్చింది: "పడవకి చేపలెందుకక్కా?"

వనజాక్షికి నవ్వొచ్చింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చూస్తున్నదే గాని, ఎందుకని ఎన్నడూ అడగలేదు.

"నాయనా, పడవకి వాటా ఎందుకు?"

మస్తానయ్య తలెత్తాడు. "ఎవురమ్మే అడిగింది?"

"ఉదయగిరి పిల్లోడు."

"అదీ సంగతి! పాపం, నీళ్లు చూడనోడు. పడవ పని చెయ్యలా? అందర్నీ మోసింది ఎవురంట? దానికి డీజిలు పొయ్యాల, పగిలితే అతుకెయ్యాల. ఈ వలకి నూలు ఎవురు తెస్తారు, నీ కంప్యూటరా?"

ఆమె అది రాయగానే హెబ్రోనుకు హుషారు పుట్టింది. పడవ ఆ ఐదుగురిలో ఒకరిదే అయితే అని అడిగాడు. ఆయనకు రెండు వాటాలు, మనిషిగా ఒకటి, పడవకు ఒకటి అని రాసింది. మరి జ్వరమొచ్చి ఒకరు వేటకు రాకపోతే? ఇది వనజాక్షికి తెలియక పైకి చదివింది. అమ్మ అందుకుంది. "ఇస్తారు. మీ నాయన కాలిరిగి మంచాన ఉన్నప్పుడు వాటా ఇంటికి తెచ్చిచ్చినారు. అడిగినామా ఏమన్నా?"

"అక్కా, వచ్చిన పని మరిచిపోయి నేనే ప్రశ్నలడగతా ఉన్నా" అని రాశాడు హెబ్రోను. "టైము నాలుగున్నర దాటింది. ప్రశ్న మళ్లీ చదవండి. అందులో ఎవరెవరున్నారో చూడండి."

చదివింది. మిత్రులున్నారు. చేపలున్నాయి. పడవ లేదు. వల లేదు. ఆ రెంటినీ తనే తెచ్చి పెట్టింది, పెట్టినట్టు కూడా తెలియకుండా. కంప్యూటర్ ఎందుకని అడగలేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది. దుకాణంలో దానికి లెక్క నేర్పినవాడెవరో గాని, వాడు కూడా తన ఊరి ఆనవాయితీ ఏదో తెలియకుండానే అందులో కలిపి ఉంటాడా?

ప్లస్ రెండు దగ్గరికి వెళ్లి చెరిపే మీట మీద వేలు పెట్టింది గాని, నొక్కబుద్ధి కాలేదు. పడవ కడుపు కొట్టినట్టనిపించింది.

"నాయనా, ఈ లెక్కలో పడవా లేదు, వలా లేదు. ఆ రెండు వాటాలూ తీసేస్తేనే పాసు."

"పడవకి ఎగ్గొడితే గాని పాసు చెయ్యరా? ఏం అయ్యవార్లమ్మే వాళ్లు!"

"ఆ పట్టినోళ్లు గట్టున కూచోని గాలాలు ఏసుంటార్లే" అంది పిచ్చమ్మ.

"గాలమైతే ఎవురి చేప వాళ్లదే. పంచుకునేదేముంది?"

వాళ్ల తగవు తెగేలోగా ఐదు కొట్టేట్టుంది. వనజాక్షి కళ్లు మూసుకున్నంత పని చేసి ఆ రెండూ చెరిపేసి పంపింది. చిన్న చక్రం తిరిగింది, తిరిగింది. ఆకుపచ్చగా "సరైనది" అని వచ్చింది. కింద ఆమె పేరు, పక్కన "తరగతిలో కొనసాగవచ్చు" అని ఉంది.

"పాసైనా!" అని అరిచింది.

"సంతోషమమ్మా" అన్నాడు మస్తానయ్య, వల పక్కకు నెట్టి. ఆయన మనసింకా ఆ వాటాల మీదే ఉంది. "అయినా, పడవా వలా లేకుండా అన్ని చేపలు ఎట్టా పట్టినారంటావ్?"

"కాలవ ఎండినప్పుడు బురదలో చేతుల్తో పట్టుంటారు" అంది పిచ్చమ్మ.

"పట్టి? ఎందులో ఏసుకున్నారు?"

"బుట్టలో."

"బుట్ట ఎవురిది?"

పిచ్చమ్మ చేతిలో చేప కిందపెట్టి ఆయన వైపు తిరిగింది. ల్యాప్‌టాప్‌లో హెబ్రోను అడుగుతున్నాడు: "పాసైనారా అక్కా? నాయన ఏమన్నాడు?"

"పాసైనా. ఉండు, ఈడ బుట్టకి వాటా ఉందో లేదో తేలాల" అని రాసింది వనజాక్షి.