తుపాకీ మూతికి తొడుగు

మాదాపూర్‌లో తొలి కంప్యూటర్ భవనాలు లేస్తున్న రోజులు. అక్కడ కాపలా కాసే మాజీ హవల్దారు కొత్తగూడలోని మా టార్పాలిన్ల దుకాణానికి వచ్చినప్పుడల్లా తుపాకీ గొట్టాన్ని బొటనవేలితో మూసి పట్టుకునేవాడు. ఒకరోజు, కందకాల్లో ఉండే జవాన్ల తుపాకుల్లోకి బురద పోకుండా తొడుగు కుట్టమన్నాడు. టిచ్ బటన్లు దండగ, నాడా చాలని బేరమాడాను.

"ముడి ఇప్పేదాకా దుష్మన్ ఆగుతడా, సేటూ?"

బటన్లే పెట్టాను.

పటాలంలో ఆయన పాత మేజర్ ఆ తొడుగును చూడవచ్చిన రోజు జోరువాన. హవల్దారు తొడుగేసిన తుపాకీని పునాది గుంటలోని బురదలో ముంచి తీశాడు. ఒక్క లాగుడుకు తొడుగు ఊడింది. లోపల ఇనుము పొడిగా మెరిసింది.

"పటాలమంతటికీ ఇవే కుట్టించండి. బటన్ల ఆలోచన ఎవరిది?" అన్నాడు మేజర్.

అలవాటుగా మళ్లీ గొట్టాన్ని మూసిన హవల్దారు బొటనవేలు దాన్ని వదిలి నావైపు తిరిగింది.

"ఈ సేటుదే సాబ్! నాడాలంటే అస్సలు ఒప్పుకోలె."

బేరంలో అంత హాయిగా నేనెన్నడూ ఓడలేదు.