పొయ్యి పక్కన కుండ

మా ఇంట్లో పొయ్యి పక్కన ఎప్పుడూ ఒక చిన్న కుండ ఉండేది. అన్నానికి బియ్యం తీశాక, కడగబోయే ముందు, అమ్మ అందులోంచి ఒక పిడికెడు ఆ కుండలో వేసేది. అప్పుడు ఆమె పెదవులు కదిలేవి. ఏం ప్రార్థించేదో వినపడేది కాదు. బందరులో మా యేసుప్రభువు గుడికి వచ్చే ప్రతి ఇంట్లోనూ అలాంటి కుండ ఉండేది. నెలాఖరు శనివారం స్త్రీల సమాజం పెద్దావిడ సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసేది. ఉప్పెన వచ్చిన ఆ శీతాకాలం, దివిసీమ నుంచి వచ్చి గుడి బడిలో తలదాచుకున్న కుటుంబాలకు వాటితో గంజి కాచేవారు. గంజి పోసే గరిటె అమ్మ చేతిలో ఉండేది.

ఆ బియ్యం నేను దొంగిలించాను.

అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. నలుగురిలో నోరు విప్పలేను. చదవడానికి కాగితం ముక్క దొరికితే మాత్రం వదలను. మా వీధి చివర మరమరాల కొట్టు సాయిబు తాతకు, పొట్లాలు కట్టుకోడానికి గుడివాడ నుంచి పాత వారపత్రికలు మూటలుగా వచ్చేవి. సీరియల్ పేజీలు అడిగితే, "రెండు దోసిళ్ళ బియ్యం తెచ్చి, కట్టంతా పట్టుకెళ్ళు పాపా" అన్నాడు. అమ్మే పంపిందనుకున్నాడు పాపం. బియ్యం డబ్బాలోంచి తీస్తే అమ్మకు తెలిసిపోతుందని కుండలో చెయ్యి పెట్టాను. ఒక్కసారి కాదు.

నెలాఖరున పెద్దావిడ మా కుండ ఎత్తి చూసి, ఉన్న కాసిని సంచిలో వంచుకుని వెళ్ళిపోయింది. మర్నాడు గుడి వరండాలో ఆడవాళ్ళందరి ముందూ అంది.

"ఏంటమ్మా, ఈ నెల నీ పిడికిలి చిక్కిపోయిందా? గంజి తాగే పిల్లల బియ్యం కూడా మీ ఎసట్లోకే వెళ్తున్నాయా?"

ఎవరో నవ్వారు. అమ్మ తలమీద చెంగు సర్దుకుంది.

"గరిటె ఇంకొకళ్ళకి ఇద్దాంలే" అంది పెద్దావిడ.

"అలాగే అక్కా" అంది అమ్మ.

నేను పక్కనే ఉన్నాను. ఆ సాయంత్రం నా డైరీలో ఎండ గురించి రాసుకున్నాను.

మూడు వారాలు అమ్మ బడికి వెళ్ళలేదు. మధ్యాహ్నం గంజికి గంట కొట్టినప్పుడు చేస్తున్న పని ఆపి, కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టేది. పిడికెడు తీయడం మాత్రం మానలేదు. ఒకరోజు వెనకే నిలబడి చెవి పెట్టాను. పెద్దావిడకు మోకాళ్ళ నొప్పి తగ్గించమని దేవుణ్ణి అడుగుతోంది.

మా గుడిలో ఒక పద్ధతి ఉంది. ప్రభు భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం, రొట్టె విరిచే ముందు పాస్టరు అయ్యగారు కాసేపు ఆగుతారు. ఎవరితోనైనా మాట పట్టింపు ఉన్నవాళ్ళు లేచి వెళ్ళి, చేతులు కలుపుకుని రావాలి. తప్పు చేసినవాళ్ళే వెళ్ళాలని నేననుకునేదాన్ని. ఆ నెల సంస్కారం రోజు నేను లేవలేదు. అమ్మ లేచింది.

చాపల మధ్య నుంచి నడిచి వెళ్ళి పెద్దావిడ ముందు కూర్చుంది. "అక్కా, నా వల్ల మీ మనసు నొచ్చుకుంది. క్షమించండి."

బందరులో పుట్టి పెరిగినదాన్ని, సముద్రం చాలాసార్లు చూశాను. దాని ముందు కూడా ఎప్పుడూ అలా ఊపిరి ఆగిపోలేదు. ఎలా లేచానో తెలియదు, అమ్మ పక్కన కూర్చుని గుసగుసగా చెప్పాను.

"పెద్దమ్మగారూ, బియ్యం నేనే తీశానండి. పత్రికల కోసం."

ఆవిడ నన్ను కాదు, అమ్మను చూసింది. "నీకు తెలుసా?"

"తెలుసక్కా. కుండలో వేళ్ళ గుర్తులున్నాయి. సన్నవి."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా? అన్నేసి మాటలన్నాను."

"నన్నంటే నేను పడతాను. ఇది పిరికిది. దీన్నంటే మళ్ళీ గుడి మెట్లెక్కదు."

పెద్దావిడ నా చెవి పట్టుకుని మెల్లగా మెలిపెట్టింది. "మా ఇంటి నిండా పుస్తకాలేగా. అడగడానికి నోరు లేదుటే?"

మోకాళ్ళు పట్టుకుని ఆవిడ లేచి నిలబడింది. మాట అందరికీ వినపడింది.

"మొన్న అందరి ముందూ ఈమెనన్నాను. తప్పు నాది. ఈమె చెయ్యి శుభ్రమైనది. రేపట్నుంచి గరిటె ఈమెదే."

నా మాట ఎత్తలేదు. ఒక్కసారైనా నా వైపు చూడను కూడా లేదు. అమ్మ నన్ను దాచినట్టే ఆవిడా దాచింది. ఆ రోజు రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని మింగడానికి భయపడ్డాను.

ఇంటికి వచ్చాక, సాయంత్రం అమ్మ బియ్యం తీసి నన్ను పిలిచింది.

"రా, పిడికెడు నువ్వెయ్యి."

ఇక కుండను అటక ఎక్కించి ఉంటుందనుకున్నాను. పొయ్యి పక్కన, నా చెయ్యి అందే చోటే ఉంది. మూత కూడా లేదు.